సీటు ఉంది, కబురే రాలేదు

పదో తరగతి ఫలితాలు వచ్చిన సాయంత్రానికే మన వాడల్లోకి మోటారు సైకిళ్ళు వస్తాయి. దిగేది ప్రైవేటు కాలేజీల పీఆర్వోలు. వాళ్ళ చేతిలో జాబితా ఉంటది. ఏ ఇంట్లో ఎవరు పాసయ్యారు, ఎన్ని మార్కులు, తండ్రి ఫోన్ నంబరు ఎంత... అన్నీ వాళ్ళకు ముందే తెలుసు. "మీ పిల్లకు ఫీజు లేదు పెద్దమ్మా, స్కాలర్‌షిప్ మీద చదువుతది, బస్సు మేమే పంపిస్తం" అంటారు. మెమో తీసుకుంటారు, ఫోటోలు తీసుకుంటారు, టీసీ వాళ్ళే తెచ్చుకుంటారు. ఆ పిల్లకు లెక్కలంటే ఇష్టమా, మొక్కలూ జంతువులంటే ఇష్టమా, వకీలు కావాలనుందా అని ఒక్కడూ అడగడు. వాళ్ళ దగ్గర ఏ సీటు ఖాళీగా ఉంటే అదే ఆ పిల్ల గ్రూపు.

ఆ సాయంత్రం వాడకు సర్కారు మనిషి రాడు. సర్కారు సంగతి పక్కన పెట్టండి, మనోడు కూడా రాడు. వాడలో పుట్టి, హాస్టల్లో చదివి, కొలువు కొట్టి, హన్మకొండలో ఇల్లు కట్టుకున్న మనోడు ఆ పొద్దు ఇంట్లో కూర్చొని టీవీలో ఫలితాలు చూస్తుంటాడు. పీఆర్వోను తిట్టడం సులువు. కానీ మనం ఖాళీగా వదిలేసిన చోటుకే గదా వాడు వచ్చింది!

అగ్రవర్ణాల ఇంట్లో పిల్లగాడు పదో తరగతికి వచ్చాడంటే ఆ ఇంట్లో ఏం జరుగుతుందో చూడండి. బెంగుళూరులో బావ ఉంటాడు. అమెరికాలో చిన్నాయన ఉంటాడు. పెండ్లికి పోతే పక్కన కూర్చున్న పెద్దమనిషి ఏ ప్రిన్సిపాలో అయి ఉంటాడు. అన్నం తినేటప్పుడు, పండుగకు కలిసినప్పుడు ఏ పరీక్ష ఎప్పుడు, ఏ కాలేజీ ఎట్లాంటిది, ఏ కోర్సుకు రేపు గిరాకీ అన్న మాటలు వాటంతటవే పిల్లగాడి చెవిన పడుతుంటాయి. వాడు ప్రత్యేకంగా ఏమీ అడగక్కర లేదు. దానికి 'ప్రతిభ' అని పేరు పెట్టి మన మీదికి విసురుతారు. అది ప్రతిభ కాదు, కబురు. భూమి ఎట్లా తరతరాలుగా ఒకరి చేతిలోనే ఉండిపోయిందో కబురు కూడా అట్లనే ఉండిపోయింది. భూమిని గురించి మనం కొట్లాడినం. కబురును గురించి కొట్లాడాలన్న సంగతే మనకు తోచలేదు.

వరంగల్‌ను చదువుల పట్నమంటారు. రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ, కాకతీయ మెడికల్ కాలేజీ 1959లోనే వచ్చాయి. కాకతీయ యూనివర్సిటీ 1976లో వచ్చింది. ఆర్ఈసీ 2002లో ఎన్ఐటి అయింది. ఈ భవనాలకు ఇటుకలు మోసింది ఎవరు? మెస్సుల్లో అంట్లు తోమింది, బాటలు ఊడ్చింది ఎవరు? కాజీపేట పోయే రోడ్డు మీద ఆ గోడ పక్క నుంచే రోజూ కూలికి పోయే తండ్రికి, ఎన్ఐటిల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం పిల్లలకే ఉంటాయని, అందులో నూటికి 15 ఎస్సీలకని ఎవరన్నా చెప్పినారా? గోడ కనబడుతుంది, గేటు ఎటుందో తెలవదు.

పోయినేడు డిగ్రీ అడ్మిషన్ల కాలంలో సుబేదారి దిక్కు ఒక నెట్ సెంటర్‌లో చూసిన సంగతి చెప్తాం. ఒక తాపీ మేస్త్రి బిడ్డను వెంటబెట్టుకొని వచ్చాడు. డిగ్రీ సీట్లు చాలామటుకు 2016 నుంచి 'దోస్త్' అనే ఆన్‌లైన్ పద్ధతిలో ఇస్తున్నారు గదా. ఆప్షన్లు ఏం పెట్టాలె అని సెంటరు పిల్లగాడు అడిగితే, "నాకేం ఎరుక సారూ, మంచిది ఏదుంటే అది వెయ్యుండ్రి" అన్నాడు తండ్రి. బిడ్డ మెల్లగా "ఎకనామిక్స్..." అన్నది. "దానికి కొలువుల్లేవమ్మా" అని సెంటరు పిల్లగాడు తనకు తెలిసిన రెండు ప్రైవేటు కాలేజీలు టకటకా కొట్టేశాడు. ఫోనుకు వచ్చిన ఓటీపీ తండ్రి చదివి చెప్పాడు. వంద రూపాయలు ఇచ్చారు, పోయారు. ఐదు నిమిషాల్లో ఒక ఆడపిల్ల మూడేండ్ల చదువు తేలిపోయింది. ఆ పక్కనే నిలబడ్డ మేం అప్పుడు నోరు విప్పలేదు. ఆ సిగ్గే ఈ సంపాదకీయం రాయిస్తున్నది. కొలువుల్లేవన్న ఆ ఎకనామిక్స్‌లోనే బాబాసాహెబ్ 1915లో కొలంబియా యూనివర్సిటీలో ఎం.ఏ. చేశాడని ఆ పిల్లకు చెప్పినా బాగుండేది.

బాబాసాహెబ్ మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. ఆయన గొప్పతనం గురించి చెప్పేటప్పుడు దీపం కింద చదివినాడని, ఉపాసం ఉండి చదివినాడని చెప్తాం. నిజమే. కానీ బొంబాయిలో కేలూస్కర్ అనే మాస్టరు ఉండేవాడు. తోటలో ఒంటరిగా కూర్చొని చదువుకునే పిల్లగాడిని చూసి దగ్గరికి తీసిండు. 1907లో మెట్రిక్ పాసైతే జరిగిన సభలో బుద్ధుని జీవిత చరిత్ర పుస్తకం చేతిలో పెట్టిండు. తర్వాత డబ్బుల్లేక చదువు ఆగిపోయేటట్టుంటే బరోడా మహారాజుకు సంగతి చెప్పించి నెలకు 25 రూపాయల సాయం ఇప్పించిండు. 1913లో అమెరికా పోవడానికి కూడా ఆ బరోడా స్కాలర్‌షిప్పే దారి. అంతటి మేధావికి కూడా దారి చెప్పేందుకు ఒక మనిషి కావాల్సి వచ్చింది. మరి మన వాడ పిల్లలకు కేలూస్కర్ ఎవరు? నెట్ సెంటర్ పిల్లగాడా?

తెలంగాణలో మనకు ఈ ఆలోచన కొత్తది కాదు. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ మన పిల్లలకు బడులు పెట్టినప్పుడు సర్కారు పిలిచి పెట్టమనలేదు. దేశంలో ఎస్సీ విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పులు 1944లో మొదలైనాయంటే అప్పుడు వైస్రాయ్ కౌన్సిల్లో అంబేద్కర్ ఉన్నాడు కాబట్టే. 1994లో ఈదుమూడిలో మొదలైన దండోరా ముప్పై ఏండ్లు కొట్లాడితే, 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ చెయ్యొచ్చన్నది. 2025 ఏప్రిల్ 14న తెలంగాణలో అమలుకు వచ్చింది. మొదటి గుంపుకు 1, రెండో గుంపుకు 9, మూడో గుంపుకు 5 శాతం. మాలా మాదిగల మధ్య ఈ లెక్క మీద ఎన్ని వాదాలున్నా ఉండనీయండి, ఒకటి మాత్రం అందరికీ వర్తిస్తది. కాగితం మీద వాటా వేరు, చేతికందిన వాటా వేరు. బుడగ జంగాల, డక్కలోళ్ళ గుడిసెల్లో ఇంటర్ పాసైన పిల్లగానికి ఆ ఒక్క శాతంలో తన సీటు ఎక్కడుందో చెప్పే మనిషి లేకపోతే ఆ శాతం ఎవరికి పోతది?

ఇక అసలు మెలిక కాలంలో ఉంది. మనోళ్ళు దారి అడిగేది ఎండాకాలంలో, ఫలితాలు వచ్చినంక. పెద్ద చదువుల దరఖాస్తులు నడిచేది చలికాలంలో. ఐఐటీ, ఎన్ఐటీలకు పోయే జేఈఈ మెయిన్ మొదటి విడత దరఖాస్తులు అక్టోబరు, నవంబరుల్లోనే తీసుకుంటారు. నల్సార్ వంటి లా యూనివర్సిటీల క్లాట్ పరీక్ష డిసెంబరు మొదట్లోనే అయిపోతది. డాక్టరు చదువుకు నీట్, సెంట్రల్ యూనివర్సిటీలకు 2022లో వచ్చిన సీయూఈటీ... వీటి గడువులు ఇంటర్ పరీక్షల హడావిడిలో కలిసిపోతాయి. మే నెలలో మన పిల్లగాడు వచ్చి "అన్నా, నేను లా చదువుతా" అంటే లాసెట్ ఒక్కటే మిగిలి ఉంటది. లాసెట్ తక్కువదని కాదు. ఆ రెండో గేటు ఉన్నదన్న సంగతే వానికి తెలవకుండా మూతపడ్డది గదా!

గడువు ఎంత క్రూరమైందో 2024లో చూశాం. ఉత్తరప్రదేశ్ ముజఫర్‌నగర్ జిల్లాలో దినకూలీ కొడుకు, దళితుడు, ధన్‌బాద్ ఐఐటీలో సీటు కొట్టిండు. కట్టాల్సింది 17,500 రూపాయలు. జూన్ 24 సాయంత్రం 5 గంటలదాకా గడువు. ఇంటింటికి తిరిగి పైసలు పోగుచేసేవరకు గడువు దాటింది, సీటు పోయింది. ఆ పిల్లగాడు ఊరుకోలేదు, కోర్టుల మెట్లెక్కిండు. సెప్టెంబరు 30న సుప్రీంకోర్టు సీటు ఇచ్చి తీరాలన్నది. అతను సుప్రీంకోర్టు దాకా పోయిండు కాబట్టి మనకు తెలిసింది. పోనోళ్ళు ఎంతమందో!

కోర్సుల సంగతి. మన వాడల్లో ఒకప్పుడు చదువంటే టీచర్ ట్రైనింగు, కొలువంటే బడిపంతులో కానిస్టేబులో బంట్రోతో. ఇప్పుడు చదువంటే కంప్యూటర్ ఇంజనీరింగు. మధ్యలో ఏమీ లేనట్టే. ఫీజు రీయింబర్స్‌మెంటు వస్తుంది గదా అని ఏ కాలేజీలో పడితే ఆ కాలేజీలో బీటెక్‌లో చేర్చి, నాలుగేండ్ల తర్వాత అమీర్‌పేటలో మళ్ళీ పైసలు కట్టి కోచింగు తీసుకునే పిల్లలను చూస్తూనే ఉన్నాం. పాలిటెక్నిక్ ఉంది, నర్సింగ్ ఉంది, వ్యవసాయ డిప్లొమా ఉంది, రైల్వే అప్రెంటిస్ ఉంది. ఆడపిల్ల అనేసరికి 'దగ్గర్లో ఉన్న కాలేజీ' ఒక్కటే కోర్సు అయిపోతది. ఆ మాట మనింట్లో మనమే అంటున్నాం.

ఒక్క ఉదాహరణ. తోలు ముట్టినందుకు మాదిగోళ్ళను ఊరవతల ఉంచిన దేశం ఇది. అదే తోలు మీద పరిశోధనకు 1948లో మద్రాసులో కేంద్ర తోలు పరిశోధన సంస్థ పెట్టారు. లెదర్ టెక్నాలజీలో బీటెక్ ఉంది. చెప్పుల డిజైను నేర్పే జాతీయ సంస్థకు హైదరాబాదులో క్యాంపస్ ఉంది. తోలు మాదిగోని చేతిలో ఉంటే మైల, డిగ్రీ అయితే టెక్నాలజీ! మాదిగ పిల్లలు మళ్ళీ తోలే పట్టాలని మేం చెప్పడం లేదు. పట్టాలో వద్దో వాళ్ళ ఇష్టం. అసలు ఆ కబురే మాదిగవాడకు రాలేదన్నది మా బాధ.

సర్కారును వదిలేస్తామని ఎవరూ అనుకోవద్దు. ఫీజు బకాయిలు సర్కారు ఇయ్యదు, సర్టిఫికెట్లు కాలేజీ ఇయ్యదు. మధ్యన నలిగేది మన పిల్ల. పీజీ సీటు వచ్చినా టీసీ చేతికి రాక ఆగిపోయినోళ్ళున్నారు. 2025లో ప్రైవేటు కాలేజీలు బకాయిల కోసం బంద్ పెట్టాయి. వాళ్ళకు సంఘం ఉంది కాబట్టి మంత్రులు మాట్లాడిండ్రు. విద్యార్థి తరఫున కూర్చున్నది ఎవరు? విదేశీ చదువుకు కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్పు చూడండి. మన దేశ సంస్కృతి, చరిత్ర, సమాజం మీద పరిశోధనకు ఇయ్యబోమని 2022లో నిబంధన పెట్టారు. అంటే కులం మీద విదేశాల్లో చదవాలనుకునే దళిత పిల్లగాడికి ఆ తలుపు మూసినట్టే. కులం మీద కొలంబియాలో వ్యాసం చదివిన అంబేద్కర్‌కు ఇప్పుడైతే ఆ డబ్బు వచ్చేది కాదు.

ప్రతి సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఒక కంప్యూటరు, నెట్టు, దరఖాస్తుల సంగతి తెలిసిన ఒక మనిషి ఉండాలె. వార్డెనుకు బియ్యం లెక్కలతోనే తెల్లారుతుంది. ఆయన మీదే ఇది కూడా వేస్తే జరగదు. వేరే పోస్టు ఇయ్యాలె. దీనికోసం కలెక్టరేటు ముందు కూర్చోవాల్సిందే.

కానీ ఆ పోస్టు వచ్చేదాకా? 1956 మార్చి 18న ఆగ్రాలో బాబాసాహెబ్ చదువుకున్న మనోళ్ళను చూసి ఎంత బాధపడ్డాడో మనందరికీ తెలుసు. ఉద్యోగస్తులు ఏటా జయంతికి చందా ఇస్తున్నారు, కాదనం. చందా కంటే రెండు పూటల సమయం ఎక్కువ పని చేస్తది. ఏప్రిల్ 14న ప్రతి వాడలో పందిరి వేస్తాం. ఆ పందిరి కింద ఒక మూలకు ఒక బల్ల వెయ్యండి. పది, ఇంటర్ పిల్లలను తల్లిదండ్రులతో కూర్చోబెట్టండి. ముందు పిల్లను అడగండి, తర్వాత తండ్రిని. కుల సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, చిన్నప్పటి నుంచి చదివిన బోనఫైడ్లు, ఆధార్‌కు కలిపిన బ్యాంకు ఖాతా ఉన్నాయో లేవో ఆ రోజే చూసి, లేనివాటికి మీసేవకు పంపండి. ఓటీపీ ఎవనికీ చెప్పొద్దని, ఆప్షన్లు ఎవరికి వాళ్ళే పెట్టుకోవాలని చేసి చూపండి. పీఆర్వో బండి వాడలోకి రాకముందే ఈ పని కావాలె. రెండో బల్ల డిసెంబరు 6న, ఇంటర్ రెండో ఏడు పిల్లల కోసం. నీట్, సీయూఈటీ, జేఈఈ రెండో విడత అప్పటికి ఇంకా ముందే ఉంటాయి. క్లాట్ రాసే పిల్లలుంటే వాళ్ళను దసరాకే పిలవాలె.

సీటు వచ్చి దూరం పోయిన పిల్లల ఫోన్ నంబర్లు ఆ బల్ల మీది నోటుబుక్కులో ఉండాలె. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేములను పోగొట్టుకున్నాం. అప్పటికి ఏడు నెలల ఫెలోషిప్పు అతనికి రావాల్సి ఉండె. గేటు దాటించి చేతులు దులుపుకోవడానికి లేదు. నెలకొకసారి ఫోన్ చేసి తిన్నవా, ఫీజు పడిందా, ఎవరన్నా ఏమన్నా అన్నరా అని అడిగే అన్నో అక్కో ఉండాలె.

డీజేకు అడ్వాన్సు ఇచ్చే ముందే బల్లకు ఇద్దరి పేర్లు రాసుకోండి. ఇద్దరిలో ఒకరు ఆడమనిషి కావాలె. ఏ వాడలో బల్ల పడిందో, ఎంతమంది పిల్లలు వచ్చారో మాకు రాయండి, వచ్చే సంచికల్లో వేస్తాం.