తెల్లంగీ ఎవరిది?

ఎస్.కోట దగ్గర ఓ పెళ్లిలో, తెల్లంగీ తొడుక్కున్న పాస్టర్‌గారిని చూసి మా మిత్రుడు "ఈ ఎండలో దొరల వేషం అవసరమా?" అని నవ్వాడు. నవ్వు సరే, లెక్కే తప్పు.

ఆ అంగీకి మూలం రోమన్లు రోజూ వేసుకున్న ట్యూనిక్. జనం ఫ్యాషన్ మార్చేశాక చర్చిలో మిగిలిపోయింది.

మరి 'భారతీయం' ఏది? 1606లో మదురై చేరిన రాబర్ట్ డి నోబిలి కాషాయం కట్టి, అగ్రవర్ణాల మెప్పు కోసం కింది కులాలకి దూరంగా బతికాడు. 1969లో వాటికన్ ఇక్కడి పూజలో అంగవస్త్రానికి ఒప్పుకుంది. అంగవస్త్రం ఏ భుజాల మీది? ఉతికిన బట్ట కట్టుకుని పెద్దవీధిలో నడవడమే నేరమైన రోజుల్లో దాన్ని మాలపల్లెలో ఎవరికి కప్పారు?

ఆ పల్లె కుర్రాడే ఇవాళ మెడ నుంచి మడమ దాకా తెల్లబట్టలో నిలబడితే జనం లేచి దండం పెడుతున్నారు. ఆ ఒక్కందుకే నేను అంగీ పక్షం.

అంగీ తొడిగిన పాస్టరే ఇంకో దొరైతే విప్పమనే హక్కు ఆ పల్లెది, మనది కాదు. గుడ్డ మార్చాలని మరీ సరదాగా ఉంటే పొందూరు ఖద్దరుతో కుట్టించండి. నేతగాళ్లకి నాలుగు రోజుల పనైనా దొరుకుతుంది.