రాతి మీద ఒక ప్రార్థన

ధ్యానభాగము: లూకా 18:9–14



“మీది నిన్న మొన్న దొరలు తెచ్చిన మతం కదా” అని ఎవరైనా అంటే, మన జక్రాన్‌పల్లి వైపు విశ్వాసులు చాలామంది జవాబు లేక ఊరుకుంటారు. మన ఇందూరు ప్రాంతానికి సువార్త మిషనరీల ద్వారా వచ్చిన మాట నిజమే. డిచ్‌పల్లి కుష్ఠురోగుల ఆసుపత్రి 1915లో వెలసింది. మెదక్ చర్చి 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠింపబడింది. అయితే ఈ దేశములో సిలువ చరిత్ర అంతకంటే ఎంతో పాతది.

చెన్నైలో పరంగిమల అనే చిన్న కొండ ఉన్నది. సెయింట్ థామస్ మౌంట్ అనేది దానినే. 1547లో పోర్చుగీసువారు అక్కడ గుడి కట్టుటకు పునాది త్రవ్వుచుండగా, సిలువ చెక్కిన రాతిపలక ఒకటి బయటపడింది. అది 6–9 శతాబ్దాల మధ్యదని పండితుల అంచనా. అంటే దొరల ఓడలు రాకమునుపే, పారశీక దేశపు సంఘమునకు చెందిన క్రైస్తవులు ఇక్కడ ప్రభువును ఆరాధించారు!

ఆ సిలువ మీద ప్రభువు శరీరము లేదు. అది ఖాళీ సిలువ. దాని కొనలు మొగ్గలవలె ఉన్నాయి. పైనుండి పావురము దిగివచ్చుచున్నది. చుట్టూ పహ్లవీ లిపిలో ఒక వాక్యము ఉన్నది. పండితులు దానిని పలు విధాలుగా చదివారు. వాటిలో పేరుపొందిన ఒకదాని ప్రకారము, సిలువను చెక్కిన అఫ్రాస్ అనువాడు తనను కరుణించుమని క్రీస్తును వేడుకొనుచున్నాడు. కేరళలోని కొట్టాయం పాత చర్చిలో ఒక సిలువ మీద కూడ ఇదే వాక్యమున్నది.

ప్రియ సహోదరీ సహోదరులారా, ఇక్కడ మనము ఆగి ఆలోచించాలి. మన గుడులలో ఫ్యాను రెక్క మీద దాత పేరు, బల్ల మీద దాత పేరు, గోడ రాతి మీద కమిటీ వారి పేర్లు. పేరు ముందు వెనుక అయితే సంఘములో తగవులు కూడ వస్తున్నాయి. అఫ్రాస్ కూడ తన పేరు చెక్కుకొన్నాడు. కాని ఇచ్చినది చెప్పుకొనుటకు కాదు, కరుణ అడుగుకొనుటకు. లూకా సువార్తలో గుడిలో దూరముగా నిలిచిన సుంకరి చేసినది ఆ ప్రార్థనే.

రాయి ఎవరినీ రక్షించదు. ఆ రాతి మీది ప్రార్థన మాత్రము నేటికిని మనకు అవసరమే. ఈ నెల కుటుంబ ప్రార్థనలో ప్రతివారు తమ పేరు చెప్పి, ప్రభువు కరుణను అడుగుదురు గాక. ఆమేన్.