యతీములు హుకూమత్ చేతిలో అమానత్

ముజఫర్‌పూర్ సంగతి మనలో చాలామంది మర్చిపోయారు. బీహార్‌లోని ఆ ఊళ్ళో ఒక బాలికల గృహం. అందులో ఉన్నది దిక్కులేని ఆడపిల్లలు, ఏడెనిమిదేళ్ళ పసివాళ్ళతో సహా. నడిపింది ఒక స్వచ్ఛంద సంస్థ. పైసలు ఇచ్చింది హుకూమత్. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ వాళ్ళు వెళ్ళి, పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడి, 2018లో రిపోర్టు ఇచ్చేదాకా లోపలి జుల్మ్ బయటికి రాలేదు. వైద్య పరీక్షల్లో 34 మందిపై లైంగిక అత్యాచారం జరిగినట్లు తేలింది.

మరి అంతకుముందు సర్కారు మనుషులు ఆ గడప తొక్కలేదా? 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 54వ సెక్షన్ ప్రకారం పిల్లలుండే ప్రతి గృహాన్నీ మూడు నెలలకు ఒకసారైనా తనిఖీ చేయాలి. ముగ్గురికి తక్కువ కాకుండా వెళ్ళాలి. వాళ్ళలో ఒక మహిళ, ఒక డాక్టరు తప్పనిసరి. వారంలో రిపోర్టు ఇవ్వాలి. ఖానూన్‌లో ఏ లోటూ లేదు.

లోటంతా నియ్యత్‌లో ఉంది. 2020 జనవరిలో ఢిల్లీ కోర్టు 19 మందిని ముజ్రిములుగా తేల్చింది. గృహం నడిపినవాడు ఒక్కడే కాదు, జిల్లా బాలల సంక్షేమ కమిటీ మాజీ చైర్మన్, ఒక సభ్యుడు, బాలల రక్షణ అధికారి కూడా ఆ జాబితాలో ఉన్నారు. తెలిసీ పోలీసులకు చెప్పనందుకు ఇంకో అధికారిణికి శిక్ష పడింది. ముహాఫిజులే ముజ్రిములైతే ఆ బచ్చీలు ఎవరికి ఫరియాద్ చేసుకోవాలి?

ఇలాంటివి జరిగినప్పుడల్లా హుకూమత్ ఒకటే బహానా చెబుతుంది: "నడిపింది మేము కాదు, ఎన్జీవో." ఈ బహానా మన దేశంలోనే పుట్టలేదు. ఐర్లండ్‌లో 1973లో ఒక చిన్నపిల్లపై బడి ప్రిన్సిపాలే అత్యాచారం చేశాడు. బడి చర్చిది, జీతం సర్కారుది. అంతకు రెండేళ్ళ ముందే ఇంకో పిల్ల తల్లి అతని మీద షికాయత్ చేసింది. అది బడి చూసే ఫాదరీ దగ్గరే ఆగిపోయింది, సర్కారు దాకా పోలేదు. బాధితురాలు పెద్దయ్యాక కోర్టుకెక్కితే ఐర్లండ్ సుప్రీంకోర్టు 2008లో సర్కారుకు జిమ్మేదారీ లేదన్నది. ఆమె అక్కడితో ఆగలేదు. 2014లో యూరప్ మానవ హక్కుల కోర్టు ఆ ఫైసలాకు ఎదురు చెప్పింది: పిల్లల రక్షణ సర్కారు బాధ్యత, బడిని ఇతరులకు అప్పగించినంత మాత్రాన అది తప్పిపోదు. అమానత్‌ను ఇంకొకరి చేతిలో పెట్టి నేను చేతులు కడుక్కున్నానంటే హిసాబ్ మాఫ్ అవుతుందా?

ఇప్పుడు మన మాట. మన యతీంఖానాల్లో, హాస్టళ్ళలో తప్పు జరిగితే "ఖౌమ్ పరువు పోతుంది, చుప్ ఉండండి" అనే బుజుర్గులు ఉన్నారు. తనిఖీ పేరుతో మన ఇదారాలనే సతాయిస్తారన్న భయం కూడా ఉంది. ఆ భయం ఝూట్ అని నేననను. కానీ దానికి ఇలాజ్ తలుపులు మూసుకోవడం కాదు, అన్ని మతాల సంస్థలకూ, సర్కారు హాస్టళ్ళకూ ఒకే తనిఖీ కావాలని అడగడం. మూసిన తలుపు వెనక ఖౌమ్ ఇజ్జత్ దాక్కోదు, జాలిమ్ దాక్కుంటాడు. యతీము మాల్ తినడమే గునాహె కబీరా అయితే, యతీము ఒంటి మీద చెయ్యి వేసినవాణ్ణి దాచడం ఏమవుతుంది?

అందుకే రెండు తెలుగు హుకూమతులకూ నా ముతాలబా ఇది. చెప్పి రావద్దు, చెప్పకుండా రండి. వార్డెన్ లేకుండా పిల్లలతో విడిగా మాట్లాడండి. తనిఖీ రిపోర్టులు పిల్లల పేర్లు లేకుండా అందరి ముందూ పెట్టండి. సంతకం పెట్టి కళ్ళు మూసుకున్న అధికారిని కూడా కోర్టుకు ఈడ్చండి.

అమ్మీలకు, అబ్బాలకు ఒక మాట. పిల్లవాడు సెలవులకు ఇంటికొచ్చి తిరిగి పోనని ఏడిస్తే డాంటకండి, కారణం అడగండి. పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలి, దాచడం జుర్మ్. పిల్లల హెల్ప్‌లైన్ 1098. ఈ నంబరు హాస్టల్ గోడ మీద ఒక్కటే కాదు, పిల్లవాడి జబాన్ మీద కూడా ఉండాలి.