ఎల్ బోర్డుకు హైవే వద్దా?

డ్రైవింగ్ నేర్చుకుంటున్న స్త్రీలకు హైవే మీద నడపడం కూడా నేర్పాలా, వద్దా? పైకి చూస్తే ఇది రవాణా శాఖా, డ్రైవింగ్ స్కూళ్లూ తేల్చుకోవలసిన సంగతిలా ఉంటుంది. వరకట్న చావులూ, అత్యాచారాలూ, కూలి రేట్లూ ఉండగా స్త్రీల హక్కుల పత్రిక దీనిమీద సంపాదకీయం రాయడమేమిటని కొందరు మిత్రులకు అనిపించవచ్చు. కానీ స్త్రీ ఎంత దూరం, ఎవరి అనుమతితో, ఎవరి తోడుతో వెళ్లగలదన్నది మన ఉద్యమానికి ఏనాడూ చిన్న ప్రశ్న కాదు. ఇవాళ ఆ ప్రశ్న మన పల్లెల్లో నాలుగు లేన్ల రోడ్డు దగ్గరికి వచ్చి ఆగింది.

జోగులాంబ గద్వాల జిల్లాలోని మానవపాడును చూడండి. రైల్వే స్టేషను ఉన్న మండల కేంద్రం. చుట్టూ పత్తి, మిరప పండే నల్లరేగడి. హైదరాబాదు నుంచి కర్నూలు మీదుగా బెంగళూరు పోయే 44వ నంబరు జాతీయ రహదారి, పాత అలవాటుగా చాలామంది ఇంకా ఏడో నంబరు రోడ్డు అనేది, ఈ ప్రాంతం గుండానే పోతుంది. ఎర్రవల్లి చౌరస్తాకు పోయి గద్వాలకు తిరగాలన్నా, అలంపూర్ చౌరస్తా చేరాలన్నా, తుంగభద్ర దాటి కర్నూలు పెద్దాసుపత్రికి పోవాలన్నా ఆ రోడ్డే దిక్కు. విదేశాల మోటారు రోడ్ల మీదికి పాదచారినీ, సైకిలునూ రానివ్వరు. ఇక్కడ కంటెయినరు లారీకీ, రాత్రి బస్సుకూ, ట్రాక్టరుకూ, గొర్రెల మందకూ, కూలీల ఆటోకూ, డివైడరు దాటే మనిషికీ అదే రోడ్డు. కాబట్టి హైవే ఎక్కాలా వద్దా అని నిర్ణయించుకునే అవకాశం ఇక్కడి స్త్రీకి లేదు. ఆమె ఎక్కుతూనే ఉంది. కూలి ఆటోలో వెనక, భర్త బండి మీద వెనక, పెళ్లికి పోయే వ్యానులో వెనక. స్టీరింగు దగ్గర మాత్రం ఆమె లేదు.

చట్టం ఏమంటోంది? 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం ఎల్‌ఎల్‌ఆర్ ఉన్నవారు ఎల్ బోర్డు పెట్టుకుని, లైసెన్సు ఉన్న శిక్షకులను పక్కన కూర్చోబెట్టుకుని బండి నడపవచ్చు. ఈ మాట చెప్పే 3వ నియమం ఊరి రోడ్డుకూ జాతీయ రహదారికీ తేడా చూపలేదు. స్కూలు కార్లకు శిక్షకుడు కూడా బండిని ఆపగలిగేలా జంట కంట్రోలు ఉండాలని 24వ నియమం చెబుతుంది. సొంత కారు నడపడం నేర్చుకునేవారికి కనీసం 21 రోజుల శిక్షణ, అందులో కనీసం 10 గంటలు స్వయంగా నడపడం ఉండాలని 31వ నియమం చెబుతుంది. ఇతర వాహనాలను జాగ్రత్తగా దాటగలరా, తమను దాటనివ్వగలరా అన్నది పరీక్షలో చూడాలని 15వ నియమం చెబుతుంది.

ఇన్ని నియమాలున్నా సాధారణంగా జరిగేది వేరు. ఊరి చివర ఖాళీ రోడ్డు మీద పొద్దున్నే అరగంట, రెండో గేరు, మూడో గేరు. తర్వాత ట్రాకు మీద ఎనిమిది అంకె, హెచ్ అక్షరం. వేగంగా పోతున్న లారీ వెనక నుంచి పక్క లేనులోకి వచ్చి, దాన్ని దాటి, మళ్లీ తన లేనులోకి చేరడం ఏ ట్రాకు మీదా ఉండదు. లైసెన్సు చేతికొచ్చిన మర్నాడు మాత్రం ఆ రోడ్డు ఎక్కడానికి పూర్తి అర్హత ఉన్నట్టే.

ఈ లోపం ఆడా మగా అందరికీ ఉన్నదే కదా, స్త్రీల సమస్య ఎలా అవుతుందని అడగవచ్చు. అసలు సంగతి ఇక్కడే ఉంది. శిక్షణలో లేనిది మగవాడికి బయట దొరుకుతుంది. చిన్నప్పుడే ట్రాక్టరు మడ్‌గార్డు మీద కూర్చుంటాడు. లారీకి క్లీనరుగా పోతాడు. స్నేహితుడి బండి అడిగి తీసుకుని రాత్రిపూట దాబా దాకా పోయి వస్తాడు. ఎక్కడైనా గీతలు పడితే తిట్లు తింటాడు, నాలుగు రోజులకు బండి మళ్లీ చేతికొస్తుంది. ఆడపిల్లకు ఈ బడి లేదు. డబ్బు కట్టి నేర్చుకునే ఆ పది గంటలే ఆమెకున్నవి. వాటిలో లేనిది ఆమెకు మరెక్కడా దొరకదు. ఒక్కసారి గీత పడితే ఇంట్లో తాళంచెవి దాచేస్తారు. కాబట్టి హైవే పాఠం లేకపోవడం కాగితం మీద ఇద్దరికీ సమానమే అయినా, ఆచరణలో దాన్ని పోగొట్టుకునేది స్త్రీయే. ఆ తర్వాత "ఆడవాళ్లకు హైవే మీద ధైర్యం చాలదు" అంటారు. నేర్పని విద్యను చేతకాని విద్యగా చూపించడం పితృస్వామ్యానికి పాత అలవాటు. ఇక మగవాడు అలా బయట నేర్చుకున్నదీ మంచి పాఠమని చెప్పలేం. రాంగ్ రూటులో రావడం, ఎడమ పక్కనుంచి దూరడం, నిద్రను టీతో ఆపుకోవడం కూడా అతడు ఆ బడిలోనే నేర్చుకుంటున్నాడు.

దీనికి బతుకుతెరువుతోనూ సంబంధముంది. రవాణా వాహనం నడపాలంటే ఎనిమిదో తరగతి పాసై ఉండాలన్న నియమాన్ని కేంద్ర ప్రభుత్వం 2019 సెప్టెంబరులో తీసేసింది. తేలికపాటి వాహనాల లైసెన్సు ఉన్నవారు 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని కూడా నడపవచ్చని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. అంటే బడి మధ్యలో మానేసిన స్త్రీ కూడా చిన్న ట్రాలీ నడుపుకుని బతకడానికి చదువు అడ్డు కాదు. గద్వాల ప్రాంతపు పత్తి విత్తనాల చేలల్లో క్రాసింగు పనికి పోయేది ఎక్కువగా స్త్రీలే. వాళ్లను తీసుకుపోయే బండి కిరాయి వాళ్లలోనే ఒకరికి ఎందుకు రాకూడదు? ఆ కిరాయి బండి హైవే ఎక్కకుండా ఎన్నాళ్లు నడుస్తుంది? ఉమ్మడి నల్లగొండ జిల్లా తండా నుంచి వెళ్లి 2015లో ఢిల్లీ రవాణా సంస్థలో తొలి మహిళా బస్సు డ్రైవరైన వాంకుడోతు సరిత, 2025లో తెలంగాణ ఆర్టీసీ బస్సు స్టీరింగు పట్టుకుంది. ఒక్క సరితను చూసి చప్పట్లు కొట్టడం తేలిక. మండలానికి పదిమంది తయారయ్యే దారి వెయ్యడమే కష్టం.

మరి ప్రమాదం మాటేమిటి? ఈ భయాన్ని తేలిగ్గా కొట్టెయ్యకూడదు. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 1,68,491 మంది. దేశంలోని రోడ్ల మొత్తం పొడవులో జాతీయ రహదారులు రెండు శాతం పైచిలుకే అయినా, ఈ చావుల్లో వాటి వాటా 36 శాతం. ఈ అంకెల వెనక ఊళ్ల పేర్లు మనకు తెలుసు. 2013 అక్టోబరు 30న కొత్తకోట దగ్గరి పాలెం వద్ద కారును దాటబోయి కల్వర్టును రాసుకున్న వోల్వో బస్సులో 45 మంది కాలిపోయారు. 2019 మే 11న వెల్దుర్తి దగ్గర బైకును తప్పించబోయిన బస్సు డివైడరు దాటి తుఫాను బండిని గుద్దినప్పుడు పోయింది గద్వాల జిల్లా రామాపురం వాళ్లే. ఇదే రహదారి పక్కన, ఒకప్పటి మహబూబ్‌నగర్ జిల్లా కొత్తూరు మండలంలోని పెద్దకుంటలో బైపాసు పడ్డాక రోడ్డు దాటుతూ మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు చనిపోతే, పత్రికలు దానికి వితంతువుల ఊరని పేరు పెట్టాయి.

పాలెంలోనూ వెల్దుర్తిలోనూ బస్సు నడిపింది ఎల్ బోర్డు వాళ్లు కారు, డ్రైవింగే వృత్తిగా ఉన్నవాళ్లు. అందుచేత పాఠం ఒక్కటే ప్రాణాలు కాపాడుతుందని మేము అనడం లేదు. అండర్‌పాసులూ, సర్వీసు రోడ్లూ, చౌరస్తాల దగ్గర దీపాలూ ప్రభుత్వం కట్టవలసిందే. టోలు వసూలు చేసేవాళ్లు ఇందుకు జవాబు చెప్పవలసిందే. కానీ ప్రమాదం ఉంది గనక స్త్రీలకు నేర్పవద్దనే వాదం నిలవదు. బావులున్న ఊళ్లో పిల్లలకు ఈత నేర్పుతాం గానీ మాన్పించం. నేర్పనంత మాత్రాన స్త్రీలు క్షేమంగానూ లేరు. 2022లో హెల్మెట్ లేక చనిపోయిన 50,029 మందిలో 14,337 మంది నడిపేవారు కారు, ప్రయాణిస్తున్నవారు. మన ఊళ్లలో బండి వెనక సీటు ఎవరిదో వేరే చెప్పనక్కర్లేదు.

ఇతర దేశాలు ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకున్నాయి. బ్రిటన్‌లో 2018 జూన్ 4 నుంచి నేర్చుకునేవారిని మోటారు రోడ్ల మీదికి అనుమతించారు, అయితే అర్హత ఉన్న శిక్షకుడూ, జంట కంట్రోలు కారూ తప్పనిసరి. జర్మనీలో కారు లైసెన్సు కావాలంటే 45 నిమిషాల ప్రత్యేక పాఠాలు 12 పూర్తి చెయ్యాలి: అయిదు ఊరి బయటి రోడ్ల మీద, నాలుగు ఆటోబాన్ మీద, మూడు చీకట్లో. మన దగ్గరా 2021లో తెచ్చిన గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల నియమాల్లో కారుకు 29 గంటల కోర్సు పెట్టి, అందులో హైవే మీద నడపడాన్నీ చేర్చారు. కానీ ఆ కేంద్రం పెట్టాలంటే మైదాన ప్రాంతంలో రెండెకరాల స్థలం కావాలి. ఒకటి రెండు కార్లతో నడిచే చిన్న ఊరి స్కూలుకు అది అందేది కాదు. హైవే పాఠం కావాలని ప్రభుత్వమే ఒప్పుకుంది. అది పెద్ద కేంద్రాలకు వెళ్లగలిగినవారికే దక్కాలా అన్నదే మా ప్రశ్న.

మన ఉద్యమంలోనే మరో అభ్యంతరం ఉంది. మనం అడగవలసింది బస్సులు గానీ సొంత బండ్లు కాదని కొందరు అంటారు. ఇందులో న్యాయం లేకపోలేదు. 2023 డిసెంబరు 9న మొదలైన ఉచిత బస్సు ప్రయాణం ఎందరో స్త్రీలను ఇల్లు కదిలించింది, దాన్ని కాపాడుకోవాలి. అయితే తెల్లవారకముందే చేనుకు పోయే కూలీకీ, అర్ధరాత్రి నొప్పులు మొదలైన గర్భిణికీ బస్సు ఎదురురాదు. తమిళనాడు పుదుక్కోట్టైలో 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమం వేలాది స్త్రీలకు సైకిలు నేర్పినప్పుడు బస్సులు అక్కర్లేదని ఎవరూ అనలేదు. బస్సు కోసం ఎదురుచూడటం ఒక్కటే దారిగా ఉండకూడదన్నారు.

శిక్షణ కారు లోపలి సంగతీ మాట్లాడాలి. మూసిన కారులో పరాయి మగవాడి పక్కన, ఊరి బయటి రోడ్డు మీద గంటసేపు ఉండటానికి ఎందరో స్త్రీలు జంకుతారు, ఇంట్లోవాళ్లు ఒప్పుకోరు. హైవే పాఠమంటే ఆ జంకు ఇంకా పెరుగుతుంది. మహిళా శిక్షకులు కావాలని అడగడం సులువే. కానీ శిక్షకులకు పదో తరగతి, అయిదేళ్ల డ్రైవింగ్ అనుభవం, మోటారు మెకానిక్ సర్టిఫికెట్ ఉండాలన్నది నియమం. మెకానిక్ కోర్సులోకి ఆడపిల్లలు రాకుండా శిక్షకులు ఎక్కడినుంచి వస్తారు? అందుకే మన కోరిక ఐటీఐల దాకా పోవాలి.

మా డిమాండ్లు ఇవి. కారు నేర్చుకునే ప్రతివారికీ, స్కూలు చిన్నదైనా పెద్దదైనా, జంట కంట్రోలు బండిలో, మొదట పగటిపూట, ఆ తర్వాత సంధ్యవేళ, హైవే పాఠాలు తప్పనిసరి చెయ్యాలి. హైవేలోకి కలవడం, లేను మారడం, దాటడం, పెద్ద బండి డ్రైవరుకు మనం కనిపించని చోటు ఏదో తెలుసుకోవడం, బండి చెడితే ఎక్కడ ఆపి ఎక్కడ నిలబడాలో తెలుసుకోవడం అందులో ఉండాలి. స్కూటీ నేర్చుకునేవారికి హైవే దాటడం, అంచున నడపడం విడిగా నేర్పాలి. పేద స్త్రీల ఫీజును ప్రభుత్వం భరించాలి. జిల్లాకు కొందరైనా మహిళా శిక్షకులు ఉండేలా ఐటీఐల్లో మెకానిక్ సీట్లు ఇవ్వాలి.

కొత్త నియమం వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. శిక్షణలో ఉన్నవారు ఎన్ని గంటలు నడిపారో 15వ ఫారం రిజిస్టరులో స్కూలు రాయాలి. మీ మండలంలో డ్రైవింగ్ నేర్చుకుంటున్న స్త్రీలు ఆ రిజిస్టరు అడిగి, తాము నడిపిన గంటలతో సరిచూసుకునేలా చెయ్యండి. ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే కారులో పాఠానికి పోయే ఏర్పాటు చెయ్యండి. ఒకరు నడుపుతుంటే మిగతావారు వెనక కూర్చుని చూసి నేర్చుకుంటారు, ఒంటరిగా పోవాలన్న బెరుకూ తగ్గుతుంది. పది గంటల్లో కనీసం రెండు గంటలు హైవే మీద కావాలని డబ్బు కట్టే రోజే అడగమనండి. అడిగితే ఏమన్నారో, నేర్పారో లేదో మాకు రాయండి. వచ్చిన జవాబులతోనే రవాణా శాఖ ముందు నిలబడదాం.