గ్రంథాలయ శాస్త్రమును మన బాలికలు చదువవచ్చునా?

క్రిందటి నెలలో మాకు వచ్చిన యుత్తరములలో నొకటి మమ్ము చాల యాలోచింపజేసినది. వ్రాసినవారొక గృహిణి. వారి కుమార్తె బి.ఏ. ముగించి, విశ్వవిద్యాలయమున గ్రంథాలయ శాస్త్రమును చదివెదనని పట్టుపట్టినదట. ఇంటిలోని పెద్దలు మాత్రము, “బీరువాలోనుండి పుస్తకము తీసి యిచ్చుటకును, మరల బీరువాలో పెట్టుటకును విశ్వవిద్యాలయమునకు పోవలెనా?” యని నవ్వుచున్నారట. తమకేమియు తోచక ఆ తల్లి మా యభిప్రాయము నడిగినారు. ఈ సందేహము ఒక్క యింటిది కాదు గనుక, ఈ నెల దీనినిగూర్చియే ముచ్చటించెదము.

ఆ పెద్దలను మేము తప్పుపట్టము. ఈ శాస్త్రమునకు మన దేశమున పితామహుడనదగిన శియ్యాళి రామామృత రంగనాథన్ గారికిని మొదట దీనిపై మక్కువ లేదు. ఆయన చెన్నపట్టణమున ప్రెసిడెన్సీ కళాశాలలో గణితోపాధ్యాయులు. 1924 లో మదరాసు విశ్వవిద్యాలయమునకు మొదటి గ్రంథాలయాధికారిగా నియమింపబడి, కొలది దినములకే విసిగి, తన్ను మరల కళాశాలకు పంపుడని యధికారులను వేడుకొనిరి. ముందుగా సీమకు పోయి యా విద్య నేర్చి రమ్మనియు, అప్పటికిని నచ్చనియెడల మరల కళాశాలకు పోవచ్చుననియు వారు చెప్పిరి. లండనులో చదివి, అక్కడి గ్రంథాలయములు పెక్కింటిని కన్నులార చూచి 1925 లో తిరిగివచ్చిన పిమ్మట, ఆయన కళాశాల మాట మరల నెత్తలేదు. 1931 లో ఆయన ప్రకటించిన గ్రంథములో ఈ శాస్త్రమును ఐదు సూత్రములుగా నిలిపిరి. పుస్తకము దాచుకొనుటకు గాక చదువుకొనుటకే యున్నదనియు, చదువరి కాలము వృథా కారాదనియు వానిలో ముఖ్యములు. 1929 లో మదరాసు గ్రంథాలయ సంఘమువారు మొదలిడిన శిక్షణమును 1931 లో విశ్వవిద్యాలయమే స్వీకరించెను. 1937 నుండి అది సంవత్సర కాలపు డిప్లొమాగా సాగినది. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మదరాసు రాష్ట్రములోనివే.

ఇక అందు నేర్పునదేమి? మన పోపులపెట్టెలో ఆవాలెక్కడనో, జీలకఱ్ఱ యెక్కడనో చీకటిలోనైనను మన చేతికి తెలియును. కాని క్రొత్తకోడలు వచ్చినచో తడవుకొనవలసినదే! వేలకొలది పుస్తకములను, ఎవరు వచ్చి వెదకినను ఒకే చోట దొరకునట్లు అమర్చుటకు వర్గీకరణమని పేరు. 1876 లో అమెరికావాసియగు మెల్విల్ డ్యూయీ ప్రకటించిన దశాంశ వర్గీకరణము నేడు పెక్కు దేశములలో వాడుకలో నున్నది. దాని యందు వంటకు 641.5, పిల్లల పెంపకమునకు 649, శిశురోగముల చికిత్సకు 618.92 అంకెలు.

ఒక బాలెంతరాలు గ్రంథాలయమునకు వచ్చి, “మా పాపకు ఏడవ నెల. ఏమి పెట్టవలెను?” అని యడిగినదనుకొనుడు. ఆమెకు వలసిన సంగతులు పైని చెప్పిన మూడు చోట్లను చెదరియున్నవి. చదువులేని యుద్యోగి వంటల పుస్తకమొకటి చేతిలో పెట్టి పంపివేయును, లేదా, లేదనును. నేర్చినవాడు ఆమె యడిగిన మాటవెనుకనున్న యక్కఱను కనుగొని, మూడు బీరువాలనుండి తెచ్చి, ఏది నమ్మదగినదో, ఏది పాతబడినదో చెప్పగలడు. ఉత్తచేతులతో మరలిన స్త్రీ మరల ఆ గడప త్రొక్కదు. పుస్తకము తీసి యిచ్చుట సులభమే. ఏ పుస్తకమును తీయవలెనో తెలియుటయే విద్య.

ఈ చదువునకును స్త్రీలకును గల సంబంధము నేటిది కాదు. న్యూయార్కు నగరములోని కొలంబియా కళాశాలలో 1887 జనవరి 5 వ తేదీన డ్యూయీ ఆరంభించినదే ఈ విద్యకు మొదటి పాఠశాల. చేరిన యిరువదిమందిలో పదునేడుగురు స్త్రీలే. కళాశాల పాలకులకు స్త్రీలు వచ్చుట గిట్టక తరగతిగదు లియ్యనందున, సామానుల కొట్టునే బాగుచేసికొని పాఠములు సాగించిరి. 1889 లో ఆ పాఠశాల ఆల్బనీ నగరమునకు తరలిపోయినది. ఐనను స్త్రీలు ఆ చదువును విడువలేదు. ఇంకొక మాటయు దాచరాదు. ఆ డ్యూయీయే స్త్రీలయెడ అనుచితముగా ప్రవర్తించెనని ఫిర్యాదులు పుట్టినవి. 2019 లో అమెరికను గ్రంథాలయ సంఘమువారు తమ పతకమునుండి ఆయన పేరును తొలగించిరి. తలుపు తెఱచినవాడని అతని తప్పును మన్నింపలేదు; అతడు తప్పు చేసినాడని తెఱచిన తలుపును మూయనులేదు.

నేడు ఏ పట్టమును పొందినవారైనను ఒక సంవత్సరము చదివి ఈ శాస్త్రమున బాచిలర్ పట్టమును, ఆపైని మాస్టర్ పట్టమును పొందవచ్చును. ఉస్మానియా, ఆంధ్ర విశ్వవిద్యాలయములలో ఈ శాఖ కలదు. ఇల్లు కదలలేని వారికి ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము దూరవిద్యగా నేర్పుచున్నది. వర్గీకరణము, సూచీరచనలతోపాటు కంప్యూటరుపై పట్టికలు నడుపుటయు నేర్పుదురు. అయితే పట్టము చేతికి రాగానే యుద్యోగము సిద్ధముగా నుండునని మేము చెప్పజాలము. కళాశాలల కొలువులకు మాస్టర్ పట్టమును, అర్హత పరీక్షయు కావలెను. ఈ సంగతిని ముందే యెఱిగి చేరుట మంచిది.

మన రెండు తెలుగు రాష్ట్రములలో ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ సెస్సును మనమందఱము చెల్లించుచున్నాము. చెల్లించు ప్రతి యింటిలోను స్త్రీ కలదు. గ్రంథాలయపు బల్లవద్ద మాత్రము ఆమె యరుదుగా కనబడును. కావున ఆ తల్లికి మా సలహా యిది. అమ్మా! కాదనుటకుగాని ఔననుటకుగాని ముందు, ఒక సాయంకాలము అమ్మాయిని వెంటబెట్టుకొని మీ యూరి గ్రంథాలయమునకు పోయి, ఒక గంట కూర్చుండుడు. వచ్చినవారిని చూడుడు, రానివారెవరో యెంచుడు. ఆ రానివారిని రప్పించు కోరిక మీ యమ్మాయి మనస్సున కలిగినదా, పెద్దలకు మీరే నచ్చచెప్పి ఆమెను పంపుడు. నీడపట్టున కూర్చుండు కొలువొకటి దొరకునన్న యాశ మాత్రమే యున్నచో, మఱి కొంతకాలము ఆలోచించుకొమ్మనుడు. ఏమి నిశ్చయించిరో మాకు తప్పక వ్రాయుడు.