దానముగా వచ్చిన ఇంటిబండి

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని ఒహాయో రాష్ట్రమున కాపురముండు తెలుగు సోదరి యొకతె ఈ నెల మాకొక ప్రశ్న పంపినది. ఆమె పొరుగింటి వృద్ధురాలు, భర్త గతించిన పిమ్మట, తమ పెరటిలో నిలిచియున్న పాత మోటార్‌హోమును ఈమె కుటుంబమునకు ఉచితముగా ఇచ్చెదననుచున్నదట. ఆ బండి వయస్సు ముప్పది యేండ్లు. ఐదేండ్లుగా అది కదలలేదు. వచ్చు వేసవిలో గుంటూరునుండి అత్తమామలు వచ్చి కొన్ని నెలలు ఉండనున్నారు. అత్తగారు పరుల చేతి వంట ముట్టరు. బండిలోనే వంటయిల్లున్నచో ఆమెకు నయాగరా జలపాతమును, ఎల్లోస్టోన్ వనమును కన్నులార చూపవచ్చునని కోడలి కోరిక. భర్త మాత్రము సందేహించుచున్నాడు. ఇంట కుమార్తె చదువునకై దాచిన సొమ్ము తప్ప వేరు నిలువ లేదు. “పుచ్చుకొనవలెనా? వలదనవలెనా?” అని ఆమె ప్రశ్న.

మన దేశమున ఈ బండిని చూడని సోదరీమణులకు దాని స్వరూపము కొంత చెప్పవలసియున్నది. ఇంజను, చక్రములు గల పెద్ద మోటారు బండిమీదనే ఒక చిన్న యిల్లు కట్టినట్లుండును. పడకలు, పొయ్యి, చల్లని పెట్టె, స్నానపు గది, మరుగుదొడ్డి అన్నియు అందే యుండును. మేము దీనిని ఇంటిబండి యని పిలిచెదము. 1910లో పియర్స్ ఆరో అను కంపెనీ ఇట్టి బండి నొకదానిని న్యూయార్కు నగరమున ప్రదర్శించినది. 1915లో కాంక్లిన్ దంపతులు బిడ్డలతోగూడ ఇట్టి పెద్ద బండిలో న్యూయార్కు రాష్ట్రమునుండి పడమటి సముద్రతీరమున నున్న శాన్‌ఫ్రాన్సిస్కో నగరమునకు పయనించిరి. ఆనాడు అది సంపన్నుల వినోదము. 1966 మొదలు అయోవా రాష్ట్రమునందలి విన్నెబాగో కంపెనీ వీనిని కర్మాగారమున వరుసగా తయారుచేయ నారంభించిన పిమ్మట సామాన్య గృహస్థులకును అవి అందుబాటులోనికి వచ్చినవి. అందువలననే నేడచ్చట పెక్కు పెరళ్ళలో పాత ఇంటిబండ్లు కనబడుచుండును.

దానమిచ్చిన ఆవునకు పళ్ళు పట్టి చూడరాదని మన పెద్దలు చెప్పుదురు. ఇచ్చినవారి మనసు నొప్పింపరాదను మర్యాద అందు కలదు. కాని ఆవు విషయమున చెల్లిన మాట ఇంటిబండి విషయమున చెల్లదు. ఇచ్చట పళ్ళన్నియు లెక్కింపవలసినదే. ఏలయన, ఈ బండి వెల అది చేతికి వచ్చిన దినమున తెలియదు. అది వాకిట నిలిచిన పిమ్మట నెలనెలకును తెలియవచ్చును. పైగా, వచ్చినంత సులభముగా అది పోదు. ఇనుము తక్కువ, చెక్కయు గాజునారయు ఎక్కువ కావున పాత సామాను కొనువారు దీనికి సాధారణముగా సొమ్మీయరు. తీసికొని పోవుటకు మనమే ఈయవలసివచ్చును. కావున ఆలోచన యంతయు బండి ఇంటికి రాకమునుపే జరుగవలెను.

అన్నిటికంటె మొదట చూడవలసినది ఇంజను కాదు, నీరు. ఈ బండ్ల గోడలలో పెక్కింటికి లోపల సన్నని చెక్క చట్రము, బయట పలుచని పలక యుండును. కప్పుమీది అతుకులలో వేసిన జిగురు ఎండకు ఎండి, చలికి చిట్లి, సందులిచ్చును. ఆ సందుల దిగిన వాననీరు గోడ లోపలనే నిలిచి చెక్కను కుళ్ళజేయును. బయటినుండి చూచిన బండి మెరయుచుండును. లోపల చెదపట్టిన దూలమువలె డొల్లయై యుండును. ఇంజను చెడినచో బాగుచేయువాడు దొరకును, టైరు చెడినచో క్రొత్తది దొరకును. చట్రమే కుళ్ళినచో బండిని విప్పి మరల కట్టవలసినదే. ఇల్లు కట్టి చూడుమన్న సామెత అప్పుడు బండికిని వర్తించును.

ఈ పరీక్షకు నిపుణుడే రావలెనని లేదు. మంచి వాన కురిసిన మరునాడు బండి లోనికి పోవలెను. తలుపు తీయగానే బూజు వాసన కొట్టినచో అది మొదటి సాక్ష్యము. డ్రైవరు తలపై నుండు పడక మూలలను, కప్పులోని గాలి కిటికీల చుట్టును, అల్మరల లోపలి పైమూలలను దీపముతో చూడవలెను. పసుపుపచ్చని మరకలు, ఉబ్బిన కాగితము, గోధుమరంగు చారలు కనబడినచో నీరు దిగినదనుటకు సందేహము లేదు. అరచేతితో గోడను గట్టిగా నొక్కవలెను. మెత్తగా లోనికి పోయినచో లోపలి చెక్క పోయినట్లే. తలుపు దగ్గరను, స్నానపు గదిలోను మెల్లగా నడచి చూడవలెను. నేల పరుపువలె క్రుంగరాదు. బయటి గోడను ఎండలో ప్రక్కనుండి చూచినచో అలలు, బొబ్బలు లేకుండవలెను. ఈ పరీక్షలో తప్పిన బండిని, ఎంత ముచ్చటగా నున్నను, మరేమియు చూడకుండ వలదనుటయే క్షేమమని మా అభిప్రాయము.

ఈ పరీక్ష నెగ్గినచో రెండవది ప్రాణరక్షణకు సంబంధించినవి చూచుట. టైరు పైచాళ్ళు లోతుగా నున్నంత మాత్రమున అది మంచిదని తలపరాదు. నిలిచియున్నను రబ్బరు ముసలిదగును. ప్రతి టైరు ప్రక్కను వరుసగా అక్షరములు, అంకెలు ఉండును. వానిలో కడపటి నాలుగంకెలు దాని పుట్టిన వారమును, సంవత్సరమును చెప్పును. 2319 అని యున్నచో అది 2019వ సంవత్సరమున 23వ వారమునందు తయారైనదని అర్థము. పదియేండ్లు దాటిన టైరుమీద ముసలివారిని, పిల్లలను కూర్చుండబెట్టి వేగముగా పోరాదు. ఇట్టి బండ్లకు సాధారణముగా టైర్లు ఆరు. అన్నియు మార్చుటకు వేయి డాలర్లకు తక్కువ కాదని లెక్కలో వ్రాసికొనవలెను. ఆగియున్న బండిలో బ్రేకుల గొట్టములు తుప్పుపట్టును, రబ్బరు గొట్టములు పగులును, ట్యాంకులోని పెట్రోలు చెడి జిగురగును. వీనిని మెకానికు చూచి సరియన్నదాక బండిని రోడ్డెక్కింపరాదు.

పొయ్యికి, వేడినీటికి ప్రొపేను గ్యాసు వాడుదురు. ఇది గాలికంటె బరువైనది. కారినచో నేలను పట్టి నిలుచును. అందుచేత దానిని కనిపెట్టు యంత్రమును నేలకు దగ్గరగా అమర్చుదురు. ఇంజనునుండియు, పొయ్యినుండియు పుట్టగల కార్బన్ మోనాక్సైడు విషవాయువునకు రంగు లేదు, వాసన లేదు. నిద్రించువారిని నిద్రలోనే కడతేర్చును. దానిని కనిపెట్టు యంత్రమును వేరుగా నుండవలెను. ఈ రెండింటికిని గడువు తేదీ వెనుక ముద్రించియుండును. గడువు తీరిన యంత్రము మ్రోగునను నమ్మకము లేదు. చల్లని పెట్టెయు మన ఇండ్లలోనిది వంటిది కాదు. 1922లో స్వీడన్ దేశమున ప్లాటెన్, ముంటర్స్ అను ఇరువురు విద్యార్థులు కనిపెట్టిన పద్ధతిచే, అమోనియాను వేడిచేసి చలువ పుట్టించునది. ఒక రాత్రి యంతయు నడిపి చూడవలెను. తెల్లవారుసరికి చల్లబడకున్నను, వెనుక పసుపుపచ్చని పొడి కనబడినను, అమోనియా ఘాటు తగిలినను దానిని వెంటనే ఆర్పివేయవలెను. క్రొత్తదానికి మరల వేయి డాలర్లకు పైమాట.

ఇక మూడవది మన సోదరి ప్రత్యేకముగా ఆలోచింపవలసిన సంగతి. బండి పోవుచుండగా ఎవరెచ్చట కూర్చుందురు? పాత బండ్లలో పెక్కింట సోఫా ప్రక్కకు తిరిగియుండును. దానికి నడుము పట్టీ మాత్రమే యుండును, ఒక్కొక్కప్పుడు అదియు ఉండదు. ఎదురుగా కూర్చుండి పట్టీ కట్టుకొనుటకు వీలైన చోట్లెన్ని కలవో అంతమందియే ప్రయాణింపవలెను. అత్తగారు బండి కదలుచుండగా లేచి పప్పు కలియబెట్టుట కుదరదు. ఎంత ఆకలియైనను బండి నిలిపిన పిమ్మటనే పొయ్యి వెలిగింపవలెను. మోకాళ్ళ నొప్పులు గలవారు పైపడక నెక్కలేరు. వారికి క్రింద పడక కలదా? మెట్లెంత ఎత్తు? ఇవియు చూడవలెను. మురుగు తొట్టిని ఎవరు ఖాళీ చేయుదురు? ఎవరు కడుగుదురు? ఇంటిబండిలో యాత్రపోయినను గృహిణికి వంటయింటినుండి సెలవు దొరకదు. ఇల్లే వెంటవచ్చినప్పుడు ఇంటిపనియు వెంటనే వచ్చును. భార్యాభర్తలు ఈ పనులను ముందే పంచుకొని, అటుపిమ్మట పుచ్చుకొందము, వలదందము అని నిర్ణయించుట మేలు.

లెక్కయు వేయవలెను. టైర్లు, బ్రేకులు, బ్యాటరీలు, కప్పు జిగురు, గ్యాసు పరీక్ష, యంత్రములు, బీమా, రిజిస్ట్రేషను, బండి నిలుపు చోటి అద్దె, ఇవి ఒక్కొక్కటిగా కాగితముమీద వ్రాసి, తెలియని ఖర్చునకై మరికొంత చేర్చవలెను. పెద్ద బండి గ్యాలనుకు 8 మొదలు 10 మైళ్ళు మాత్రమే పోవును. అనగా వేయి మైళ్ళకు నూరు గ్యాలనులో, అంతకు మించియో కావలెను. ప్రక్కనే మరియొక వరుస వ్రాయవలెను. ఏడాదికి ఎన్ని దినములు నిజముగా ప్రయాణము చేయుదుము? అన్ని దినములకు బాగున్న బండిని అద్దెకు తెచ్చుకొనిన ఎంత యగును? వంటయిల్లుగల గదులలో దిగిన ఎంత? ఈ వరుసలు ప్రక్కప్రక్కన నిలిచినప్పుడు, భర్త సందేహము, భార్య కోరిక రెండును వాదమువిడిచి లెక్కలోనికి వచ్చును. చదువు సొమ్మును మాత్రము ఈ లెక్కలో చేర్చనే కూడదు. అది బిడ్డది.

కాగితముల సంగతియు మరువరాదు. అమెరికాలో బండికి హక్కుపత్రముండును. భర్త పేరుననున్నచో ఆమె దానిని మొదట తన పేరునకు మార్చుకొనవలసి యుండవచ్చును. దానిపై బ్యాంకు అప్పు మిగిలి యుండరాదు. పత్రము చేతికి రాకుండ తాళపుచెవి తీసికొనరాదు. 1981 తరువాతి బండ్లకు 17 అక్షరముల గుర్తు కలదు. దానితో, భద్రతా లోపమునకై కంపెనీ వెనుకకు పిలిచినదా యని ఆ దేశపు రహదారి భద్రతాశాఖవద్ద ఉచితముగా తెలిసికొనవచ్చును. ఇంజనుతోకూడిన క్రింది భాగమును ఒక కంపెనీయు, పై యింటిని మరియొక కంపెనీయు చేయుట సామాన్యము గనుక రెండింటి విషయమును విచారింపవలెను. మీ వీధి సంఘమువారు వాకిట ఇట్టి బండిని నిలుపనిత్తురా యనునదియు ముందే అడుగవలెను.

మన సోదరికి మా సలహా యిది. బండి పొడిగా నున్నదని తేలినచో పుచ్చుకొనవచ్చును. కాని భార్యాభర్తలు కలసి ఒక మొత్తమును నిర్ణయించి, అది దాటినచో ఆపివేయుదుమని ముందే మాట అనుకొనవలెను. మొదటి ఖర్చు టైర్లకు, బ్రేకులకు, కప్పునకు, గ్యాసునకు. తెరలు, మెత్తలు, గోడరంగులు కడపట. చేతికి సులభమైన ముచ్చట్లతో మొదలిడుట వలన సొమ్ము అందులోనే కరిగి, ప్రాణరక్షణకు మిగులదు. మొదటి ప్రయాణము ఇంటికి ముప్పది మైళ్ళలోపున ఒక రాత్రి చేయవలెను. అది సుఖముగా జరిగిన పిమ్మట నయాగరా. ఎల్లోస్టోన్ మరుసటి యేటికి పెట్టుకొనవచ్చును. అత్తమామల రాకకు బండి సిద్ధము కాకున్నచో తొందరపడక, ఆ యేడు వంటయిల్లుగల గదులే మేలు.

గోడలు తడిసినవని తేలినచో వలదనవలెను. అట్లనుట కష్టమని మే మెరుగుదుము. ఆ వృద్ధురాలికి అది వట్టి బండి కాదు, భర్తతో గడపిన వేసవుల జ్ఞాపకము. కావున బండిని నిందింపక, “మీరు మమ్ము తలచినందుకు మా కెంతో సంతోషము. దీనిని చక్కగా పోషించు శక్తి మాకు లేదు” అని చెప్పినచో మాట నిజమును, మనసు భద్రమును. వట్టి మాటతో మరలి రాక, దానిని తొలగించు పనిలో ఆమెకు తోడ్పడవలెను. ఎవరు తీసికొని పోవుదురో, ఎంత అడుగుదురో విచారించి చెప్పుట, లోపలి సామాను సర్దుటకు ఒక దినము వెళ్ళుట, ఇవి ఒంటరియైన స్త్రీకి బండిని పుచ్చుకొనుటకంటె గొప్ప సహాయములు.

మన దేశమున నున్న సోదరీమణులకును ఇందు ఉపయోగము కలదు. ఊరు మారు బంధువులు విడిచిపోవు పాత కారు, చల్లని పెట్టె, మంచము మన యింటికిని వచ్చుచుండును. వచ్చిన వస్తువునకు చోటు, పోషణ, పని చేయువారి చేతులు కావలెను. ఆ చేతులు పెక్కుసార్లు ఇల్లాలివే. కావున ఇట్టి దానముల విషయమున ఔనను మాటయైనను, కాదను మాటయైనను ఇల్లాలితో ఆలోచించి పలుకుట న్యాయము.