పది రాత్రులు, మూడు మజిలీలు

ప్రయాణాల పేజీ

వేసవి సెలవులు దగ్గరపడుతున్నాయంటే మన సభ్యుల ఇళ్ళలో రెండు లెక్కలు మొదలవుతాయి. మొదటిది ఇండియా టిక్కెట్ల లెక్క. రెండోది, "ఎలాగూ దారిలోనే కదా, యూరప్ కూడా చూసేస్తే పోలా?" అన్న లెక్క. ఈ నెల ఆ రెండో లెక్క సంగతి కాస్త వివరంగా ముచ్చటించుకుందాం.

మన సభ్యులొకరు తమ ప్రయాణ పట్టిక పంపి, చూసి సలహా చెప్పమన్నారు. భార్యాభర్తలిద్దరివీ ఇండియా పాస్‌పోర్టులు, గ్రీన్ కార్డులున్నాయి. పిల్లలిద్దరూ ఇక్కడే పుట్టిన అమెరికా పౌరులు. ఆయన అమ్మా నాన్నా హైదరాబాదు నుంచి వచ్చి యూరప్‌లో కలుస్తారు. పెద్దాయనకి డెబ్భై రెండేళ్ళు, మోకాళ్ళ నొప్పులు. ఉన్నవి పది రాత్రులు. పట్టికలో ఊళ్ళు లండన్, పారిస్, బ్రస్సెల్స్, ఆమ్‌స్టర్‌డామ్, కొలోన్, లూసర్న్, వెనిస్, రోమ్. వెరసి ఎనిమిది ఊళ్ళు, ఏడు దేశాలు. ఉత్తరం చివర ఒక్క వాక్యం వ్రాశారు: "నాన్నగారు మళ్ళీ ఇంత దూరం రాగలరో లేదో, అందుకని ఒకేసారి అన్నీ చూపించేద్దామని."

ఆ వాక్యం చదివాక పట్టిక గురించి తేలిగ్గా మాట్లాడబుద్ధి కాలేదు. అయినా చెప్పక తప్పదు. పెద్దాయనకి చూపించాలనే ఉంటే ఈ పట్టికలో సగం పైన కొట్టెయ్యాలి.

ఎందుకో లెక్క వేసి చూద్దాం. ఎనిమిది ఊళ్ళంటే ఏడుసార్లు బస మార్చడం. హోటలు వాళ్ళు సాధారణంగా పది, పదకొండు గంటలకల్లా గది ఖాళీ చెయ్యమంటారు. కొత్త ఊళ్ళో మధ్యాహ్నం రెండు మూడింటిదాకా గది ఇవ్వరు. మధ్యలో పెట్టెలు సర్దడం, స్టేషను చేరడం, రైలు, మళ్ళీ దారి వెతుక్కోవడం. ఒక్కొక్క మార్పుకీ తక్కువలో తక్కువ పూట పోతుంది. ఏడు పూటలంటే మూడున్నర రోజులు. అమెరికా నుంచి రాత్రి విమానంలో వచ్చి తెల్లవారి దిగిన రోజు ఎవరికీ కళ్ళు తెరిపిడి పడవు కనుక అదీ లెక్కలోంచి తీసెయ్యండి. పది రోజుల్లో అయిదున్నర మిగిలాయి. ఎనిమిది ఊళ్ళకి అయిదున్నర రోజులు!

1830లో ఏనుగుల వీరాస్వామయ్యగారు మద్రాసు నుంచి బయలుదేరి కాశీయాత్ర చేసి పదిహేను నెలలకి ఇల్లు చేరారు. ఆయన పుస్తకంలో లెక్కంతా మజిలీలదే. ఎక్కడ దిగాం, అక్కడ నీళ్ళెలా ఉన్నాయి, ఏ వస్తువులు దొరుకుతాయి, మళ్ళీ ఎప్పుడు బయలుదేరాం. మనకి పల్లకీ బోయీలు లేరు కానీ పట్టిక వేసే పద్ధతి అదే మంచిది. ముందు రాత్రులు లెక్కపెట్టండి, తరవాత మజిలీలు పెట్టండి. ఒక్కొక్క మజిలీకి మూడు రాత్రులకి తగ్గకూడదని నియమం పెట్టుకుంటే పది రాత్రులకి మూడు మజిలీలే వస్తాయి.

ఇంతకీ ఆ మూడూ ఏవి? ఇక్కడ వీసా సంగతి వస్తుంది. చాలామంది ఊళ్ళన్నీ తేల్చుకుని, టిక్కెట్లు కొని, ఆఖరున వీసా గురించి ఆలోచిస్తారు. మన కుటుంబాల్లో తరచు రెండు మూడు రకాల పాస్‌పోర్టులుంటాయి కనుక అదే ముందు చూసుకోవాలి.

1985 జూన్ 14న లక్సెంబర్గ్‌లోని షెంగెన్ అనే చిన్న ఊళ్ళో అయిదు దేశాలు తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేద్దామని ఒప్పందం చేసుకున్నాయి. 1995 మార్చిలో అది అమలులోకి వచ్చింది. 2025 జనవరిలో రుమేనియా, బల్గేరియా పూర్తిగా చేరడంతో షెంగెన్ దేశాలు 29 అయ్యాయి. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేకపోయినా షెంగెన్‌లో ఉంది. బ్రిటన్, ఐర్లండ్ లేవు. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవారికి గ్రీన్ కార్డు ఉన్నా షెంగెన్ వీసా కావలసిందే. అమెరికా పాస్‌పోర్టు ఉన్న పిల్లలకి అక్కర్లేదు. ఏ 180 రోజుల్లోనైనా 90 రోజుల దాకా ఉండొచ్చు. పిల్లల ఓసీఐ కార్డు ఇండియాలో దిగడానికే, యూరప్‌లో దానితో పని లేదు.

ఇప్పుడు లండన్ సంగతి చూడండి. పిల్లలకి 2025 జనవరి నుంచి ముందస్తు అనుమతి తీసుకోవలసి వచ్చింది, అది పెద్ద కష్టం కాదు. కానీ మిగతా నలుగురికీ బ్రిటన్ వీసా వేరే కావాలి. అంటే నాలుగు దరఖాస్తులు, నాలుగు రుసుములు, ఇంకోసారి వేలిముద్రలు. ఇంకో చిక్కు కూడా ఉంది. షెంగెన్ వీసా ఒక్క ప్రవేశానికే ఇస్తే, పారిస్ చూసి మధ్యలో లండన్ వెళ్ళినవారు తిరిగి పారిస్‌లో అడుగుపెట్టలేరు. కనుక ఈసారికి లండన్ కొట్టేశాం.

షెంగెన్ వీసాకి ఏ దేశానికి దరఖాస్తు చెయ్యాలి? ఎక్కువ రోజులు ఉండే దేశానికి. రోజులు సమానమైతే మొదట ప్రవేశించే దేశానికి. అపాయింట్‌మెంటు త్వరగా దొరుకుతోందని ఒక దేశానికి దరఖాస్తు పెట్టి ఎక్కువ రోజులు ఇంకో దేశంలో గడిపే ఆలోచన వద్దు. దరఖాస్తు తిరగగొట్టడానికి అదొక కారణమవుతుంది. మన సభ్యుల విషయంలో దరఖాస్తులు రెండు చోట్ల పడతాయి. భార్యాభర్తలు ఇక్కడి కాన్సులేటు ద్వారా, పెద్దవాళ్ళు హైదరాబాదులో. రెండు చోట్లా ఒకే పట్టిక, అవే హోటళ్ళు, అవే తేదీలు ఉండాలి. ఇక్కడ ఒక ఊరు మార్చి అక్కడ చెప్పడం మరిచిపోతే చిక్కు పెద్దవాళ్ళకే.

ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టొచ్చు, పదిహేను రోజుల లోపు పెట్టకూడదు. వేసవిలో అపాయింట్‌మెంట్లు దొరకడం గగనం కనుక జూన్ ప్రయాణానికి జనవరిలోనే కూర్చోండి. రుసుము 2024 జూన్ నుంచి పెద్దలకి 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లలకి 45; దరఖాస్తులు తీసుకునే కేంద్రం వారి ఖర్చు అదనం. పాస్‌పోర్టు గత పదేళ్ళలో ఇచ్చినదై ఉండాలి, షెంగెన్ విడిచే రోజు తరవాత కనీసం మూడు నెలలు చెల్లాలి, రెండు ఖాళీ పేజీలుండాలి. వైద్య బీమా కనీసం 30,000 యూరోలకి. పెద్దవాళ్ళ బీమాలో పాత జబ్బులకి వర్తిస్తుందో లేదో ఆ చిన్న అక్షరాలు చదివి మరీ కొనండి. వీసా చేతికి వచ్చేదాకా రద్దు చేసుకోగలిగిన హోటళ్ళే తీసుకోండి.

హెచ్-1 వీసా మీద ఉన్న సభ్యులకి ఒక మాట. పాస్‌పోర్టులో అమెరికా వీసా ముద్ర గడువు దాటిపోయి ఉంటే, కెనడా వెళ్ళి వచ్చినంత సులువుగా యూరప్ వెళ్ళి రాలేరు. ఆ వెసులుబాటు యూరప్‌కి లేదు. తిరిగి రావడానికి కొత్త ముద్ర కావాలి. బయలుదేరేముందు ఆ తేదీ చూసుకోండి.

2025 అక్టోబరు 12 నుంచి షెంగెన్ సరిహద్దుల్లో ముఖచిత్రం, వేలిముద్రలు కంప్యూటరులో నమోదు చేసే పద్ధతి మొదలైంది. పన్నెండేళ్ళ లోపు పిల్లలకి వేలిముద్రలు తీసుకోరు. మొదటిసారి వెళ్ళేవారికి వరసలో ఆలస్యం కావచ్చు కనుక దిగిన గంటకే రైలు టిక్కెట్టు కొనకండి. వీసా అక్కర్లేని అమెరికా పౌరులకి కూడా ఈటియాస్ అనే ముందస్తు అనుమతి 2026 చివరి మూడు నెలల్లో మొదలుపెడతామని యూరోపియన్ యూనియన్ ప్రకటించింది. మీ తేదీకి అది అవసరమో కాదో సరిచూసుకోండి.

ఇవన్నీ చూసి మేం తిరిగి వేసిన పట్టిక ఇది:

పారిస్ - నాలుగు రాత్రులు
లూసర్న్ - మూడు రాత్రులు
రోమ్ - మూడు రాత్రులు

మూడు దేశాలు, బస మార్చేది రెండుసార్లు. విమానం పారిస్‌కి వెళ్ళేలా, రోమ్ నుంచి బయలుదేరేలా కొంటే వెనక్కి తిరిగే పని ఉండదు. ఫ్రాన్సులో నాలుగు రాత్రులు కనుక దరఖాస్తు ఫ్రాన్సుకే. నాలుగో దేశం కావాలని పిల్లలు పట్టుబడితే, పారిస్ నుంచి బ్రస్సెల్స్‌కి రైలు గంటా ఇరవై రెండు నిమిషాలే. ఉదయం వెళ్ళి సాయంత్రం వచ్చెయ్యొచ్చు, పెట్టె కదపక్కర్లేదు. ఆ రోజు పెద్దవాళ్ళు పారిస్‌లోనే విశ్రాంతి తీసుకుంటామన్నా నష్టం లేదు.

పారిస్ మెట్రోలో చాలా స్టేషన్లకి లిఫ్టు లేదు, మెట్లే మెట్లు. మోకాళ్ళ నొప్పి ఉన్నవారితో సిటీ బస్సే మేలు, ఊరు కూడా కనిపిస్తుంది. లూవ్ర్ మ్యూజియం మంగళవారం మూత, ఓర్సే మ్యూజియం, వెర్సాయ్ రాజభవనం సోమవారం మూత. ఈ వారాలు చూసుకోకుండా టిక్కెట్లు కొంటే పూట వృథా. 2019లో కాలిపోయిన నోత్ర్ దామ్ చర్చి 2024 డిసెంబరులో మళ్ళీ తెరిచారు. హోటలుకి లిఫ్టు ఉందో లేదో, చల్లదనం మిషను ఉందో లేదో విడిగా అడగండి. రెండూ లేని పాత హోటళ్ళు చాలా ఉన్నాయి. అక్కడ ఫస్ట్ ఫ్లోర్ అంటే మన ఇండియా లెక్కే, కింద అంతస్తు మీదది. అమెరికా లెక్కకి అలవాటుపడినవారు ఒక అంతస్తు ఎక్కువ ఎక్కవలసి వస్తుంది.

పారిస్ నుంచి బాజెల్‌కి వేగపు రైలులో మూడు గంటలు, అక్కడ మారితే లూసర్న్ ఇంకో గంట. ఇక్కడ అందరూ అడిగేది యుంగ్‌ఫ్రావ్ యోఖ్. ఆ స్టేషను 3,454 మీటర్ల ఎత్తున ఉంది, గాలి పలచన. గుండె జబ్బు, ఆయాసం ఉన్న పెద్దవాళ్ళని డాక్టరుగారిని అడగకుండా తీసుకెళ్ళకండి. మా సలహా రీగి కొండ. ఎత్తు 1,798 మీటర్లు. లూసర్న్‌లో పడవ ఎక్కి విట్స్‌నౌ దగ్గర దిగితే, 1871లో మొదలైన పళ్ళచక్రాల రైలు కొండ మీదికి తీసుకుపోతుంది. పైన బెంచీ మీద కూర్చుంటే చుట్టూ మంచు కొండలు, కింద సరస్సులు. పెద్దాయన గంటసేపు అక్కడే కూర్చుంటానంటే కూర్చోనివ్వండి. తొందరపెట్టడానికి తరవాతి రైలు పట్టుకోవలసిన అవసరం ఈ పట్టికలో లేదు.

లూసర్న్ నుంచి రోమ్‌కి మిలాన్‌లో మారాలి. ఆ రోజంతా ప్రయాణమే అనుకోండి. దారిలో 2016లో తెరిచిన 57 కిలోమీటర్ల గొట్టార్డ్ సొరంగం వస్తుంది. రైలు సొరంగాల్లో ప్రపంచంలో అన్నిటికన్నా పొడుగైనది అదే. వెనిస్ ఎందుకు తీసేశారంటారా? అక్కడ కార్లుండవు, వంతెన వంతెనకీ మెట్లు. మోకాళ్ళున్నప్పుడు మీ ఇద్దరూ వెళ్ళండి. రోమ్‌లో వాటికన్ మ్యూజియంలు నెలాఖరు ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు మూత. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలుండాలి. అమ్మగారి చీరకి ఏ ఇబ్బందీ లేదు, చిక్కల్లా పిల్లల నిక్కర్లతోనే.

సామాను మనిషికి ఒక్కటే పెట్టె, అది ఆ మనిషే మొయ్యగలిగినంత. స్టేషనులో కూలీలు దొరకరు, రైలు రెండు మూడు నిమిషాలే ఆగుతుంది. హైదరాబాదు నుంచి పెద్దవాళ్ళు తెచ్చే వాటి గురించి ముందే ఫోను చేసి చెప్పండి. బయటి దేశాల ప్రయాణికులు పాల పదార్థాలు, మాంసం యూరోపియన్ యూనియన్‌లోకి తేకూడదు. కనుక నెయ్యి సీసా, పాలకోవా వద్దు. బంగినపల్లి మామిడిపళ్ళు, పచ్చి కరివేపాకు కూడా ధ్రువపత్రం లేకుండా వద్దు. ఆవకాయ తేవొచ్చు కానీ చేతి సంచీలో కాదు, పెద్ద పెట్టెలో గట్టిగా కట్టి. మందులు మాత్రం చేతి సంచీలోనే, డాక్టరు చీటీతో సహా.

అమెరికాలో కొన్న రైస్ కుక్కర్ తీసుకెళ్ళకండి. అది 120 వోల్టులది, అక్కడ కరెంటు 230. ప్లగ్గు అడాప్టరు పెట్టినా మాడిపోతుంది. వంటగది ఉన్న బస తీసుకుంటే గిన్నెలో వండుకోవచ్చు. పారిస్‌లో గార్ ద్యు నార్ స్టేషను పక్కన లా షాపెల్ పేటలో శ్రీలంక తమిళుల అంగళ్ళున్నాయి. ఇడ్లీ, దోసె, పప్పులు, కూరలు అన్నీ దొరుకుతాయి. స్విట్జర్లాండ్‌లో ఆదివారం దుకాణాలు చాలావరకు మూస్తారు, పెద్ద స్టేషన్లలోవి తెరిచి ఉంటాయి. అక్కడ యూరోలు కాదు, ఫ్రాంకులు.

రైలు పాసు కొనాలా అని కూడా అడిగారు. యూరేల్ పాసు ఉన్నా ఫ్రాన్సు వేగపు రైళ్ళలో సీటు రిజర్వేషనుకి వేరే డబ్బు కట్టాలి. రెండే పెద్ద ప్రయాణాలున్న ఈ పట్టికకి ముందుగా విడి టిక్కెట్లు కొనుక్కోవడమే చవక కావచ్చు. రెండూ లెక్క వేసి చూడండి.

ఆఖరుగా ఒక్క మాట. ఇలాంటి ప్రయాణానికి వేగం నిర్ణయించేది ఇంట్లో అందరికన్నా నెమ్మదిగా నడిచేవారు, దారి నిర్ణయించేది అందరికన్నా ఎక్కువ వీసాలు అడిగే పాస్‌పోర్టు. ఆ రెండూ ముందు కాగితం మీద వ్రాసుకుని తరవాత ఊళ్ళ పేర్లు వ్రాయండి. ఎనిమిది ఊళ్ళ ఫోటోలు వచ్చే ఏడు పక్కింటివారికి చూపించడానికి పనికొస్తాయి. పెద్దాయన తిరిగి వెళ్ళి హైదరాబాదులో తన స్నేహితులకి చెప్పుకోవడానికి మాత్రం తీరిగ్గా చూసిన మూడు ఊళ్ళు చాలు.

పెద్దవాళ్ళతో యూరప్ వెళ్ళి వచ్చిన సభ్యులు తమ పట్టికలు, ఖర్చుల లెక్కలు ఈ పేజీకి వ్రాసి పంపితే వచ్చే సంచికలో అందరికీ పంచుదాం.